ఎలక్ట్రిక్ పికప్ కొన్నాక: సిక్కోలు, విజయనగరం జిల్లాల్లో రోజువారీ వాడకం, సంరక్షణ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చిన్న సరుకు బండి అంటే చాలాకాలం డీజిల్ టాటా ఏస్, లేకపోతే దాని ఈడు బండ్లే. 2022లో అదే ఏస్‌ను ఎలక్ట్రిక్ బండిగా ప్రకటించారు, 2024లో మహీంద్రా జియో వచ్చింది, ఆ తరువాత మరికొన్ని వచ్చాయి. కొనబోయేవారు అందరూ మొదట అడిగేది బ్యాటరీ ఎన్నేళ్లు వస్తుందని. అది అడగవలసిన ప్రశ్నే. అయితే పెద్ద బ్యాటరీ దానంతట అది చెడిపోయి బండి ఆగడం అరుదు. గోడకున్న సాకెట్టు, నేలలో పాతిన ఎర్తు, సీటు కిందో బానెట్టు కిందో ఉండే 12 వోల్టుల చిన్న బ్యాటరీ, ఉప్పునీరు తగిలిన కనెక్టరు, వీటి వల్లే ఎక్కువగా పని ఆగుతుంది. కాబట్టి యజమాని శ్రద్ధ ఎక్కువ భాగం బ్యాటరీ చుట్టూ ఉన్నవాటి మీద ఉండాలన్నది నా అభిప్రాయం. కింద చెప్పేదంతా ఆ దృష్టితోనే చెబుతున్నాను.

ముందు ఛార్జింగ్ పాయింటు

ఇంటి దగ్గర 16 ఆంపియర్ల సాకెట్టుతో ఛార్జ్ చేసే బండి సుమారు 3 కిలోవాట్లు, అంటే 230 వోల్టుల దగ్గర 13 ఆంపియర్లు తీసుకుంటుంది. మొదట వచ్చిన ఏస్ ఈవీలో బ్యాటరీ 21.3 కిలోవాట్ అవర్లది గనుక, ఖాళీ నుంచి నిండడానికి ఏడెనిమిది గంటలు పడుతుంది. గీజరు కూడా దాదాపు ఇంతే కరెంటు తీసుకుంటుంది గాని పావుగంటలో ఆగిపోతుంది. పావుగంటలో వేడెక్కని వదులు స్క్రూ ఎనిమిది గంటల్లో సాకెట్టు ప్లాస్టిక్కును కరిగించగలదు. అందుచేత వంటింట్లో ఉన్న సాకెట్టుకో, వరండాలో ఫ్యాను కోసం వేసిన లైనుకో బండిని తగిలించకూడదు. మీటరు బోర్డు నుంచి నేరుగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగించి, దానికి వేరే 20 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే లైను ఆపే స్విచ్చు), 30 మిల్లీ ఆంపియర్ల ‘A’ టైపు ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్తులోకి కారితే లైను ఆపే స్విచ్చు) పెట్టించి, చివర పారిశ్రామిక రకం సాకెట్టు బిగించాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు అసలు పనికిరాదు. వైరు చుట్టగా చుట్టి ఉన్న ఎక్స్‌టెన్షన్ అయితే మరీ ప్రమాదం, ఎందుకంటే చుట్టలో పుట్టిన వేడి బయటకు పోదు.

పాయింటు పెట్టించిన మొదటి వారం, ఛార్జింగ్ మొదలైన గంట తరువాత ప్లగ్గు పైభాగాన్ని చేతితో తాకి చూడాలి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు గాని, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆపించి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. ఆ తరువాత నెలకొకసారి, ఎంసీబీ దించి, ప్లగ్గు పీకి పిన్నులను వెలుగులో చూడాలి. మూడు పిన్నులలో ఒకదాని మెరుపు పోయి మొదలు దగ్గర గోధుమరంగు మరక కనిపించినా, సాకెట్టు రంధ్రం అంచు పసుపెక్కి కొద్దిగా ముడుచుకున్నా, లోపల పట్టు వదులైందని అర్థం. గరుకు కాగితంతో రుద్ది మళ్లీ వాడటం మన దగ్గర మామూలే గాని అది వైద్యం కాదు. ప్లగ్గునూ సాకెట్టునూ రెండింటినీ మార్చాలి, ఎందుకంటే కాలిన పిన్ను కొత్త సాకెట్టును కూడా కొద్దివారాల్లో పాడుచేస్తుంది.

ఇక ఎర్తు. ఎర్తు సరిగా లేకపోతే చాలా ఛార్జర్లు పని మొదలుపెట్టవు. ఛార్జరు చెడిపోయిందనుకుని సర్వీసు వారికి ఫోను చేసే ముందు చూడవలసినది ఇదే. మల్టీమీటరుతో కొలిస్తే ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఎంత వోల్టేజి ఉందో, ఫేజుకూ ఎర్తుకూ మధ్య దాదాపు అంతే ఉండాలి, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. కొందరు ఎలక్ట్రీషియన్లు ఫేజుకూ ఎర్తుకూ మధ్య 100 వాట్ల బల్బు వెలిగించి చూస్తారు. ఆర్‌సీసీబీ ఉన్న లైనులో అలా చేస్తే వెంటనే ట్రిప్ అవుతుంది, అది లోపం కాదు, అది చేయవలసిన పనే చేసింది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఇసుక నేలల్లో ఎర్తు విషయం ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఎండిన ఇసుకలో కరెంటు సులువుగా భూమిలోకి దిగదు గనుక, వానాకాలంలో బాగా పనిచేసిన ఎర్తు మే నెలలో పనిచేయకపోవచ్చు. బొగ్గు, ఉప్పు వేసి తవ్వించిన గుంతలో వేసవంతా వారానికొకసారి రెండు బిందెల నీళ్లు పోయడం, తీరంలో ఏటా ఒకసారి పైపు మీద బిగించిన క్లాంపు తుప్పు పట్టిందేమో చూడటం తప్పనిసరి.

బిల్లు లెక్క ముందే వేసుకోవడం మంచిది. రోజుకు 60 కిలోమీటర్లు తిరిగే బండికి కిలోమీటరుకు 0.2 యూనిట్లు, దానికి ఛార్జింగులో పోయే నష్టం కలుపుకుంటే, నెలకు సుమారు 350 యూనిట్లు అవుతాయి. ఇంటి కనెక్షన్లో స్లాబు పద్ధతి ఉంటుంది గనుక, ఫ్యాన్లకూ ఫ్రిజ్‌కూ వాడిన యూనిట్ల మీద ఈ 350 చేరితే అవన్నీ పై స్లాబుల ధరకే పడతాయి. ఎలక్ట్రిక్ వాహనాల ఛార్జింగుకు టారిఫ్‌లో వేరే కేటగిరీ ఉంది. బండి రోజూ తిరిగేదైతే ఇక్కడి విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో అడిగి వేరే మీటరు పెట్టించుకుంటే లాభమో కాదో లెక్క చూసుకోవాలి. కనీసం ఇంటి కాంట్రాక్టెడ్ లోడునైనా, అంటే ఇంటికి మంజూరైన కరెంటు పరిమితినైనా పెంచించుకోవాలి. సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంట్‌ను అడిగితే దరఖాస్తు విధానం చెబుతారు. పొలంలో మోటారు కనెక్షన్ ఉంది గదా, పగలు తొమ్మిది గంటలు ఉచితంగా వస్తుంది గదా అని బండిని బోరు దగ్గరకు తీసుకుపోయేవారికి ఒక మాట: ఆ కరెంటు సాగుకిచ్చినది, ఇతర పనికి వాడితే కేసు అవుతుంది. పైగా మోటారు షెడ్డులోని ఎర్తును నమ్మి బండి పెట్టడం అసలే తెలివైన పని కాదు.

ఎప్పుడు, ఎంతవరకు ఛార్జ్ చేయాలి

మన దగ్గర తిరిగే ఈ తరగతి బండ్లలో ఎక్కువగా లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఉంటుంది. ఇది వేడిని ఇతర లిథియం రకాలకన్నా బాగా తట్టుకుంటుంది, ఎక్కువ ఛార్జింగులు కూడా కాస్తుంది. అయితే దీనికొక స్వభావం ఉంది. ఛార్జ్ 80 శాతం ఉన్నా 40 శాతం ఉన్నా సెల్లు వోల్టేజి దాదాపు ఒకటే చూపిస్తుంది గనుక, ఎంత మిగిలిందో బండిలోని కంప్యూటరు లెక్క కట్టి చెప్పవలసిందే. ఆ లెక్క రోజురోజుకూ కొద్దికొద్దిగా తప్పుతుంది. 25 శాతం చూపిస్తున్న బండి ఉన్నట్టుండి 8కి పడిపోయిందని చెప్పేవారిలో చాలామంది వారాల తరబడి సగం ఛార్జింగులతో నడిపినవారే. వారానికొకసారి 100 శాతం వరకు నింపి, నిండిన తరువాత కూడా కొంతసేపు ప్లగ్గులోనే ఉంచితే సెల్లులు సమానమై లెక్క సరిపడుతుంది. మిగిలిన రోజుల్లో 80, 90 దగ్గర ఆపినా చాలు. పది శాతం కిందికి దించడం అలవాటు చేసుకోకూడదు.

మధ్యాహ్నం ఎండలో తిరిగి వచ్చిన బండిని వెంటనే ప్లగ్గులో పెట్టకుండా గంటసేపు నీడన ఉంచడం మంచిది. నిండా ఛార్జ్ అయిన బండిని మే నెల ఎండలో రోజంతా నిలబెట్టడం బ్యాటరీ ఆయుష్షును నిశ్శబ్దంగా తినేస్తుంది. పల్లెల్లో సాయంత్రం ఏడు నుంచి పది వరకు వోల్టేజి పడిపోవడం తెలిసినదే. ఆ వేళ ఛార్జరు మాటిమాటికి ఆగి మళ్లీ మొదలవుతుంటే రాత్రి పదకొండు తరువాత పెట్టి, తెల్లవారేసరికి నిండేటట్లు చూసుకుంటే అన్ని విధాలా మంచిది. రెండు మూడు వారాలు బండి తీయని పక్షంలో సగం ఛార్జ్‌తో నీడలో వదలాలి. పూర్తిగా నింపి గాని, ఖాళీగా గాని వదలకూడదు.

దూరం, లోడు, ఘాట్ రోడ్డు

కాగితం మీద ఏస్ ఈవీకి చెప్పిన దూరం 154 కిలోమీటర్లు. అది పరీక్షశాలలో వచ్చిన సంఖ్య. నిండు లోడుతో జాతీయ రహదారి మీద నడిపేటప్పుడు దానిలో మూడింట రెండు వంతులే ఉంటుందని అనుకుని బేరం ఒప్పుకోవాలి. శ్రీకాకుళం నుంచి పలాస దాదాపు 75 కిలోమీటర్లు. పోవడానికి ఇబ్బంది లేదు గాని, మధ్యలో ఛార్జ్ చేయకుండా తిరిగి వస్తానని ఒప్పుకోవడం సాహసమే. విజయనగరం నుంచి విశాఖ వెళ్లి రావడం కూడా వంద దాటుతుంది. ఈ దారుల్లో తిరిగేవారు ఫాస్ట్ ఛార్జింగుకు పనికొచ్చే మోడలే కొనాలి. సరుకు దింపే చోట గంట రెండు గంటలు ఎలాగూ ఆగుతాం గనుక, ఆ సమయాన్ని ఛార్జింగుకు కలుపుకునేటట్లు ట్రిప్పు వేసుకోవాలి. 16వ నంబరు జాతీయ రహదారి మీద 60లో పోయే బండి 40లో పోయే బండికన్నా చాలా ఎక్కువ కరెంటు తింటుంది, ఎందుకంటే గాలి ఒత్తిడి వేగంతోపాటు కాక వేగం వర్గంతో పెరుగుతుంది. టార్పాలిన్ వదులుగా కొట్టుకోవడం, ఖాళీ ట్రేలను క్యాబిన్ కన్నా ఎత్తుగా పేర్చడం కూడా కిలోమీటర్లు కోసేవే.

లోడు విషయంలో డీజిల్ బండి అలవాట్లు వదులుకోవాలి. 600 కిలోల బండి అంటే 80 కిలోల జీడిపిక్కల బస్తాలు ఏడు. ఎనిమిదో బస్తాకు పరిమితి దాటింది. మోటారుకు మొదటి క్షణం నుంచే పూర్తి లాగుడు బలం ఉంటుంది గనుక పన్నెండు బస్తాలు వేసినా బండి కదులుతుంది, కదిలింది గదా అని యజమాని సంతోషిస్తాడు. ఆ బరువును మోసేది మాత్రం పట్టీలు, బేరింగులు, టైర్లు, బ్రేకులు. బ్యాటరీ నుంచి లాగే కరెంటు పెరిగి వేడి పెరుగుతుంది. ఎక్కువ సరుకు తప్పనిసరి అయ్యేవారు టన్ను మోసే మోడల్ కొనుక్కోవడమే సరైనది.

సాలూరు దాటి సుంకి వైపు, లేక సీతంపేట ఏజెన్సీకి వెళ్లేవారు దిగే దారి గురించి తెలుసుకోవాలి. డీజిల్ బండి నడిపినవారిలో చాలామందికి దిగువలో న్యూట్రల్ కొట్టి జారనివ్వడం అలవాటు. అది ఎప్పుడూ ప్రమాదమే, ఈ బండిలో నష్టం కూడా. గేరులో ఉంచి యాక్సిలరేటరు వదిలితే మోటారే జనరేటరై బండిని పట్టుకుంటుంది, ఆ కరెంటు బ్యాటరీలోకి పోతుంది, బ్రేకు లైనర్లు మిగులుతాయి. అనాస లోడుతో సీతంపేట నుంచి దిగే బండి కొంత ఛార్జ్ పెరిగి దిగినా ఆశ్చర్యం లేదు. అయితే బ్యాటరీ 100 శాతం నిండి ఉంటే ఆ కరెంటుకు చోటు ఉండదు, మోటారు పట్టు తగ్గిపోతుంది, భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. రాత్రి కొండ మీద ఉండి ఉదయం లోడుతో దిగేవారు 90 దగ్గరే ఛార్జింగ్ ఆపాలి.

ఉప్పు, నీరు, తుపాను

భావనపాడు, కళింగపట్నం, చింతపల్లి వంటి తీర గ్రామాల్లో చేపల లోడు వేసే బండికి ఉప్పే మొదటి శత్రువు. ఐసు కరిగిన ఉప్పునీరు బాడీ పలకల సందుల్లోంచి కారి, కింద వైర్ల కట్టను పట్టుకున్న క్లిప్పు దగ్గర ఆగి, ఎండి తెల్లటి గీతగా మిగులుతుంది. ఆ గీత కనిపించిన ప్రతిచోటా లోపల తుప్పు మొదలైందనే అనుకోవాలి. బాడీలో మందపాటి ప్లాస్టిక్ షీటు పరచి, వెనుక డోరు వైపు మాత్రమే నీరు పోయేటట్లు వాలు ఉండేలా సర్దాలి. లోడు దించిన రోజే మంచినీటితో కడగాలి. మామూలు పైపు నీరు చాలు. వాటర్ సర్వీసింగ్‌లో వాడే ప్రెషర్ గన్నును బ్యాటరీ పెట్టె, మోటారు, ఎక్కువ వోల్టేజి పోయే నారింజ రంగు వైర్లు, ఛార్జింగ్ మూత వైపు తిప్పనివ్వకూడదు. కడిగేవారికి ఇది తెలియదు గనుక పక్కన నిలబడి చెప్పాలి. ఛార్జింగ్ మూత రబ్బరు చిరిగితే వెంటనే మార్పించాలి. దుమ్ము, ఇసుక ఉన్న ఛార్జింగ్ గన్నును (ఛార్జింగ్ వైరు చివర ఉండే పిడిని) బండికి గుచ్చకూడదు.

బ్యాటరీకి ఐపీ67 రక్షణ ఉందని అమ్మేవారు గట్టిగా చెబుతారు. మీటరు లోతు నీటిలో అరగంట ఉంచినా లోపలికి నీరు పోదని దాని అర్థం. అది కొత్త బ్యాటరీకి, మంచినీటిలో చేసే పరీక్ష. ఐదేళ్లు గతుకుల్లో తిరిగిన సీలు అంతే గట్టిగా ఉంటుందని నమ్మి పొంగుతున్న గెడ్డలోకి బండి దించకూడదు. రోడ్డు మీద నిలిచిన నీరు చక్రం మధ్యభాగాన్ని దాటుతుందనిపిస్తే ఆగిపోవడమే మేలు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, కొబ్బరిచెట్లు వరుసలుగా పడిపోయాయి. ఎలక్ట్రిక్ బండి ఉన్నవారు అక్టోబరు, నవంబరు నెలల్లో వాతావరణ హెచ్చరిక రాగానే చేయవలసినవి కొన్ని ఉన్నాయి. కరెంటు ఉండగానే 100 శాతం నింపి, ప్లగ్గు పీకి, ఎంసీబీ దించి, ఛార్జింగ్ గన్నును ఇంట్లో పెట్టుకోవాలి. పిడుగులు పడే వేళ ఛార్జింగులో బండి ఉండకూడదు. కొబ్బరిచెట్ల కింద, పెంకుల చూరు కింద, పల్లంలో నిలపకుండా మెరక మీద నిలపాలి. తుపాను తరువాత కరెంటు తిరిగి వచ్చిన మొదటి గంటల్లో వోల్టేజి ఎగుడుదిగుడుగా ఉంటుంది, ఒక పూట ఆగి ఛార్జ్ చేయాలి.

వరద నీరు ఛాసిస్ మధ్యలో ఉండే బ్యాటరీ పెట్టె వరకు వచ్చిందని తెలిస్తే, తాళం తిప్పి చూద్దామనే కోరికను ఆపుకోవాలి. ఆన్ చేయకూడదు, ఛార్జింగులో పెట్టకూడదు. ముఖ్యంగా సముద్రపు నీరైతే లోపల ఉప్పు మెల్లగా పనిచేసి, నీరు తీసిన కొన్ని రోజుల తరువాత కూడా మంట పుట్టవచ్చు. బండిని ఇంటికీ, గడ్డివాముకూ, ఇతర బండ్లకూ కనీసం 15 మీటర్ల దూరంలో ఉంచి సర్వీసు వారికి తెలపాలి. ఆగిన బండిని తాడు కట్టి లాగించడం కూడా తప్పు. చక్రం తిరిగితే మోటారు తిరుగుతుంది, మోటారు తిరిగితే కరెంటు పుడుతుంది. నాలుగు చక్రాలూ పైకెత్తి వేరే లారీ మీద తీసుకుపోవాలి.

బ్రేకులు, టైర్లు, చిన్న బ్యాటరీ

ఇంజన్ ఆయిలు, డీజిల్ ఫిల్టరు, క్లచ్చు ప్లేటు ఖర్చులు పోయాయన్నది నిజమే. బ్రేకులు కూడా తక్కువగా అరుగుతాయి, అయితే తక్కువ వాడటమే వాటికి జబ్బు తెస్తుంది. సముద్రపు గాలికి డ్రమ్ములోపల తుప్పు పట్టి, సర్దుబాటు భాగాలు బిగుసుకుపోతాయి. రోజుకొకసారి, వెనుక బండ్లు లేని చోట, పెడలును గట్టిగా తొక్కి ఆపితే ఆ తుప్పు రాలుతుంది. ఏడాదికొకసారి డ్రమ్ములు విప్పించి శుభ్రం చేయించాలి, బ్రేకు ఆయిలు రెండేళ్లకొకసారి మార్పించాలి. టైరు గాలిని వారానికొకసారి, బండి కదలకముందు, డోరు పక్కన అంటించిన అంకె ప్రకారం చూడాలి. మెత్తటి టైరు ఇక్కడ ముందు దూరాన్ని తగ్గిస్తుంది, తరువాతే అరుగుతుంది. మోటారు, దానిని నడిపే కంట్రోలరు కూలెంటుతో చల్లబడే బండి అయితే మట్టం చూడాలి. తగ్గితే కుళాయి నీళ్లు పోయకూడదు.

12 వోల్టుల చిన్న బ్యాటరీని అందరూ మరచిపోతారు. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా, దానిని బండికి కలిపే స్విచ్చులు ఈ చిన్న బ్యాటరీతోనే పనిచేస్తాయి గనుక, ఇది దిగిపోతే బండి కదలదు. డిస్‌ప్లే మసకగా వెలగడం, తాళం తిప్పితే టిక్ టిక్ మని ఆగిపోవడం దీని లక్షణాలు. టెర్మినళ్లకు వాజిలిన్ రాయడం, మూడు నాలుగేళ్లకు మార్చడం, సౌండ్ బాక్సులూ రంగు లైట్లూ దీనికి తగిలించకపోవడం, ఇంతకుమించి ఇది అడిగేదేమీ లేదు.

వరి కోతల తరువాత గడ్డి లోడు వేసేవారు, జీడి గోదాముల దగ్గర బండి నిలిపేవారు ఎలుకల గురించి ఆలోచించాలి. క్యాబిన్‌లో తినుబండారాలు, బాడీలో గడ్డిపరకలు వదలకుండా తుడిచి, వైర్ల దగ్గర ఎలుక పెంటికలు కనిపిస్తున్నాయేమో వారానికొకసారి టార్చి వేసి చూడాలి.

ఊరి మెకానిక్, వెల్డింగ్ షాపు

పట్టీలు, బ్రేకులు, బేరింగులు, అలైన్‌మెంటు, హారను, బల్బులు, ఇవన్నీ నరసన్నపేటలోనో రాజాంలోనో నమ్మకమైన మెకానిక్ చేయగల పనులే. ప్రతిదానికీ విశాఖ పరుగెత్తనక్కరలేదు. నారింజ రంగు తొడుగు ఉన్న ఏ వైరునూ, దానికి కలిసిన ఏ పెట్టెనూ మాత్రం శిక్షణ లేనివారు తాకకూడదు. అందులోని వోల్టేజి ప్రాణం తీస్తుంది. మన దగ్గర బండి కొనగానే బాడీకి ఇనుప రాడ్లు, పంజరం వెల్డింగ్ చేయించడం ఆనవాయితీ. ఈ బండిలో వెల్డింగ్ కరెంటు ఛాసిస్ గుండా పోయి కంట్రోలర్లను పాడుచేయవచ్చు, ఛాసిస్‌కు పెట్టిన రంధ్రం కింద ఏ వైరు ఉందో పైనుంచి కనిపించదు. రాడ్లు కావాలంటే బోల్టులతో బిగించే రకాన్ని కంపెనీ డీలరు దగ్గరే వేయించుకోవాలి, లేకపోతే వారంటీ దగ్గర చిక్కు వస్తుంది.

కాగితాల పని ఎక్కువ లేదు. బ్యాటరీతో నడిచే రవాణా వాహనాలకు 2018 నుంచి పర్మిట్ అవసరం లేదు, పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా అక్కరలేదు. నంబరు ప్లేటు ఆకుపచ్చ మీద పసుపు అక్షరాలతో ఉండాలి. ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ మాత్రం ఇతర బండ్ల మాదిరే. ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకొకసారి, తరువాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు బ్యాటరీకి నీటి నష్టం వర్తిస్తుందో లేదో పాలసీ కాగితంలో చదివి, లేకపోతే అదనంగా కట్టి కలిపించుకోవాలి. తుపాను తగిలే జిల్లాల్లో ఈ ఒక్క చోట పొదుపు చేయకూడదు.

ప్రతి సర్వీసులోనూ బ్యాటరీ ఆరోగ్య శాతాన్ని రాయించి ఆ కాగితాలు దాచుకోవాలి. వారంటీ అడగవలసి వచ్చినా, బండి అమ్మవలసి వచ్చినా మాట చెల్లేది వాటితోనే. కొన్నేళ్లకు బ్యాటరీ బండికి పనికిరానంతగా తగ్గిపోతే పాత ఇనుము కొనేవారికి ఇవ్వకూడదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం దానిని తిరిగి తీసుకుని సక్రమంగా వదిలించవలసిన బాధ్యత తయారీదారుది. డీలరు ద్వారా అప్పగించి, బ్యాటరీ సీరియల్ నంబరు రాసిన రసీదు తీసుకోవాలి.